ఎండను చూసి ఏసీ షేరు కొనొద్దు

మా బావగారు పోయిన డిసెంబర్‌లో రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో అప్పులూ అవసరాలూ పోగా ఐదు లక్షలు మిగిలాయి. సంక్రాంతికి అందరం అక్కా వాళ్లింట్లో కలిసినప్పుడు ఆ ఐదు లక్షల మాట వచ్చింది. మా మేనల్లుడు క్షణం కూడా ఆగకుండా "ఏసీ కంపెనీ షేర్లు కొనేద్దాం" అన్నాడు. వాడిది బెంగళూరులో ఉద్యోగం. మూడేళ్లుగా షేర్లు కొంటున్నాడు, నాలుగు డబ్బులు కళ్లజూశాడు కూడా.

"ఏటి మావయ్యా, ఇందులో ఆలోచించడానికేటుంది? ఏటికేడు ఎండ పెరుగుతోంది. దేశంలో నూటికి పది ఇళ్లలో కూడా ఏసీ లేదంటున్నారు. మిగతా తొంభై ఇళ్లూ ఎప్పటికైనా కొనాల్సిందే కదా?"

అక్క నా ముఖం చూసింది. నేను శ్రీకాకుళంలో ఒక షోరూమ్‌లో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అన్నీ అమ్ముతాం. కానీ ఏడాది బాగుందా లేదా అన్నది తేల్చేది మాత్రం ఏసీలే. ఆ రోజు పండగ భోజనాల హడావిడిలో వాడికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇది. వాడి కోసమే రాయడం మొదలుపెట్టాను గానీ, రిటైర్మెంటు డబ్బు బ్యాంకులో పెట్టుకుని ఇలాంటి సలహాలే వింటున్న ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. అందుకే అందరూ చదివేలా ఇక్కడ పెడుతున్నాను.

ముందు వాడి మాటలో ఎంత నిజముందో ఒప్పుకోవాలి. చాలానే ఉంది.

మాకు పెళ్లైన కొత్తలో ఒక కూలరు కొన్నాం. కర్నూలులోనో కరీంనగర్‌లోనో అయితే కూలరు బాగా పనిచేస్తుంది. అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడక మీది నీరు ఆవిరవుతూ గదిని చల్లబరుస్తుంది. మనది సముద్రపు గాలి. అందులో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఇంకా నీరు ఆవిరవడానికి చోటు ఉండదు. కూలరు వేస్తే దుప్పట్లు చెమ్మగిల్లడం, గోడలకు బూజు పట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. రెండు వేసవులు చూసి అటక ఎక్కించేశాం. పలాస నుంచి భోగాపురం దాకా ఎవరినడిగినా ఇదే చెప్తారు. థర్మామీటరు 36 చూపిస్తున్నా ఉక్కపోతకు ఒంటి మీద చొక్కా నిలవదు. ఏసీ గాలిని చల్లబరచడంతో ఆగదు, అందులోని తేమను నీళ్లుగా మార్చి పైపు ద్వారా బయటికి పంపేస్తుంది. మనకు కావలసింది ఆ రెండో పనే. కాబట్టి మన తీరంలో ఏసీకి బదులుగా నిలిచే చవక వస్తువు లేదు.

మా బిల్లు పుస్తకాల్లోనూ ఇది కనిపిస్తుంది. పదిహేనేళ్ల కిందట ఏసీ కొన్నవాళ్లంటే డాక్టర్లు, కాంట్రాక్టర్లు. ఇప్పుడు టీచర్లు కొంటున్నారు, కానిస్టేబుళ్లు కొంటున్నారు, పలాస వైపు జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్లు కొంటున్నారు, కొడుకు గల్ఫ్ నుంచి డబ్బు పంపితే సోంపేట నుంచి వచ్చి కొంటున్నారు. వాయిదాలు లేకపోతే ఇందులో సగం మంది మా గడప తొక్కరు. కరెంటు బిల్లు భయం మాత్రం అందరికీ ఉంది. నెలకు 225 యూనిట్లు దాటితే ఆపైన ఒక్కో యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. అందుకే రాత్రి పదింటికి వేసి తెల్లవారుజామున కట్టేసేవాళ్లే ఎక్కువ. అయినా కొనడం ఆగలేదు.

గిరాకీ ఉంది, పెరుగుతుంది. మా వాడికీ నాకూ అందులో తేడా లేదు. ఆ గిరాకీ కంపెనీకి లాభంగా మారి, ఆ లాభం షేరు కొన్నవాడి దాకా చేరుతుందా అన్న దగ్గరే నాకు పేచీ.

మార్చి నెలాఖరులో మా షోరూమ్‌లో ఏం జరుగుతుందో చెప్తాను. కంపెనీలకు అది ఆర్థిక సంవత్సరం ముగింపు. సేల్స్ వాళ్లకు టార్గెట్లుంటాయి. "ఇన్ని ఏసీలు ఎత్తితే ఇంత శాతం అదనం, నెలాఖరులోగా బిల్లు కావాలి" అని స్కీము పెడతారు. మా ఓనరు బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) నుంచి తీసి సరుకు దింపించుకుంటారు. లారీ కదలగానే కంపెనీ పుస్తకంలో అది అమ్మకం. వ్యాపారంలో దాన్ని ప్రైమరీ అంటాం. మేము ఆ ఏసీని ఒక ఇంటికి అమ్మితే అది సెకండరీ. మార్చి త్రైమాసిక ఫలితాలు వచ్చినప్పుడు "అమ్మకాలు 30 శాతం పెరిగాయి" అని టీవీలో చెప్తుంటారు చూడండి, అందులో పెద్ద వాటా ఇంకా మాలాంటి వాళ్ల గోడౌన్లలో అట్టపెట్టెల్లోనే ఉంటుంది. షేరు కొనేవాడు దాన్ని జనం కొనేశారని అనుకుంటాడు.

ఆ పెట్టెలు కదలాలంటే ఏప్రిల్, మే, జూన్ ఎండలు కాయాలి. మాకు ఏడాది మొత్తంలో ఫిబ్రవరి నుంచి జూన్ వరకు అమ్ముడయ్యేవే అధిక భాగం. అందులోనూ మే నెల ఒక్కటి తప్పితే ఏడాదంతా తప్పినట్టే.

2025లో అదే జరిగింది. 2024 వేసవి ఎలా కాసిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. దేశంలో చాలా చోట్ల ఏసీలు దొరకలేదు. వోల్టాస్ ఒక్కటే 2024-25 ఆర్థిక సంవత్సరంలో 25 లక్షల ఏసీలు అమ్మింది. ఆ ఊపులో 2025కి అందరూ పెద్ద లెక్కలు వేసుకున్నారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండలు మామూలు కంటే ఎక్కువగా ఉంటాయని వాతావరణ శాఖ కూడా చెప్పింది. మా గోడౌన్‌లో 240 ఏసీలు దించాం. తర్వాత ఏమైంది? మే నెలంతా వానలే. 1901 నుంచి ఉన్న లెక్కల్లో ఏ మే నెలలోనూ దేశంలో అంత వాన పడలేదు. రుతుపవనాలు మే 24కే కేరళను తాకాయి. జూన్ మొదటి వారం స్టాకు లెక్క తీస్తే 130 పెట్టెలు కదలకుండా ఉన్నాయి. ఓడీ మీద వడ్డీ మాత్రం ఏ రోజుకారోజు పడుతూనే ఉంది. ఆ నెల మా ఓనరు షోరూమ్‌లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు, భోజనానికి ఇంటికి వెళ్లడం కూడా మానేశారు.

అంతటితో అయిపోలేదు. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామన్నారు. తగ్గింపు అమల్లోకి వచ్చింది సెప్టెంబర్ 22న. ఏసీల మీద 28 శాతం ఉన్నది 18 అయింది. కొనేవాళ్లకు మంచిదే, నేను కాదనను. ఆ మధ్యలో ఐదు వారాలు మాత్రం షోరూమ్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ ధర అడిగి "తగ్గాక వస్తాం" అని వెళ్లిపోయారు. ఇక ఆ వాన దెబ్బ కంపెనీకి ఎలా తగిలిందో చూడండి. ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో వోల్టాస్ లాభం అంతకుముందు ఏడాదితో పోలిస్తే సగానికి పైగా పడిపోయింది. దేశంలో మొదటి స్థానంలో ఉన్న కంపెనీ సంగతే అది. కంపెనీ చెడ్డదైపోలేదు, నిర్వహణా మారలేదు. ఒక నెల వాన పడింది, అంతే. ఒక్క నెల వానకు సగం లాభం కొట్టుకుపోయే వ్యాపారంలో, 60 ఏళ్లు దాటిన మనిషి మిగిల్చుకున్న డబ్బంతా పెట్టమనడానికి నాకు మనసొప్పదు.

ఇక ఏసీ లోపల ఏముందో చూద్దాం. మా మెకానిక్ ఒకతను ఎనిమిదేళ్లు గల్ఫ్‌లో ఏసీ పని చేసి తిరిగొచ్చాడు. అతను ఔట్‌డోర్ యూనిట్ విప్పి చూపిస్తూ "ఇందులో గుండె ఇదేనండీ" అని కంప్రెసర్ మీద చెయ్యి వేస్తాడు. ఆ గుండె చాలా బ్రాండ్లకు సొంతం కాదు. మన దేశంలో అమ్ముడయ్యే ఏసీల కంప్రెసర్లలో పెద్ద భాగం బయటి నుంచి, ముఖ్యంగా చైనా నుంచి వస్తుంది. ఇక్కడ కంప్రెసర్ ఫ్యాక్టరీలు పెట్టినవాటిలోనూ చైనా కంపెనీలవి ఉన్నాయి. ప్రభుత్వం 2020 అక్టోబర్‌లో గ్యాస్ నింపిన ఏసీల దిగుమతిని ఆపింది. 2021లో ఏసీలు, ఎల్ఈడీ లైట్ల విడిభాగాలకు 6,238 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. దానివల్ల పరిస్థితి మారుతోంది, మెల్లగా. అప్పటిదాకా డాలరు పెరిగితే కంప్రెసర్ ఖర్చు పెరుగుతుంది. 2025 డిసెంబర్‌లో డాలరు 90 రూపాయలు దాటింది. రాగి ధరా అదే సమయంలో రికార్డులు దాటుకుంటూ పోయింది. లోపలి కాయిల్‌కూ బయటి గొట్టాలకూ కావలసింది రాగే. దానికి తోడు 2026 జనవరి నుంచి స్టార్ రేటింగ్ పట్టిక బిగించారు. నిన్నటి ఐదు స్టార్ల మెషీను కొత్త లెక్కలో నాలుగు స్టార్లకు దిగుతుంది. మళ్లీ ఐదు రావాలంటే కాయిల్ పెద్దది చేయాలి, అంటే ఇంకా రాగి కావాలి.

ఇంత ఖర్చు పెరిగినా ధర పెంచడానికి కంపెనీకి ధైర్యం ఉండదు. పక్క బ్రాండ్ పెంచలేదంటే కొనేవాడు ఆ పక్కకే తిరుగుతాడు. మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను, 1,500 రూపాయల తేడాకి బ్రాండ్ మార్చేస్తారు. మంచి సంవత్సరంలో కూడా ఇళ్ల ఏసీల వ్యాపారంలో నూటికి ఏడెనిమిది రూపాయలు మిగిలితే గొప్ప. మీద కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ ఒకటి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి ఔట్‌డోర్ కాయిల్ నాలుగైదేళ్లకే పొడిపొడిగా రాలిపోయిన యూనిట్లు చూశాను. ఈ రోజు అమ్మిన ప్రతి ఏసీ వెనకా పదేళ్ల పాటు రాబోయే ఖర్చు ఒకటి కూర్చుని ఉంటుంది.

మా వాడు చెప్పిన ఇంకో మాట నాకూ ఇష్టమైనదే. "మన రాష్ట్రంలోనే తయారవుతున్నాయి మావయ్యా" అన్నాడు. నిజమే, తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్ ఫ్యాక్టరీ ఉంది, బ్లూ స్టార్ ది ఉంది, హావెల్స్ వారి లాయిడ్ ది ఉంది. ఎల్‌జీ 5,001 కోట్లతో 2025 మేలో శంకుస్థాపన చేసింది. మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయి, సంతోషమే. షేరు కొనేవాడిగా మాత్రం ఆ పట్టీని ఇంకోలా చదవాలి. ఒకే ఎండను నమ్ముకుని అందరూ ఒకేసారి ఫ్యాక్టరీలు కడుతున్నారు. కట్టాక మెషీన్లు ఖాళీగా ఉంచలేరు కాబట్టి తయారు చేస్తారు, తయారు చేశాక డీలర్ల మీదికి నెడతారు, ఆ నెట్టుడు చివరికి మా మార్చి నెలాఖరు స్కీముగా దిగుతుంది. మన పొలాల్లోనూ ఇదే చూశాం. ఒక ఏడు ధర వచ్చిందని మరుసటి ఏడు ఊరంతా అదే పంట వేస్తే ఏమవుతుందో ఆమదాలవలస రైతునడిగినా చెప్తాడు.

ఏసీ కంపెనీల్లో ఎండా వానా పట్టని భాగం ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మా వీధిలో ఒకబ్బాయి పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో యుటిలిటీస్ విభాగంలో చేస్తాడు. మందులు తయారయ్యే గదుల్లో గాలి ఇంత చల్లగా, ఇంత పొడిగా, ఇంత శుభ్రంగా ఉండాలని నియమం ఉంటుంది. దానికి నీళ్లను చల్లబరిచే చిల్లర్లు, ఆ చల్లదనంతో గదుల్లోకి గాలి పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లు రాత్రింబవళ్లు తిరగాలి. అతను చెప్పేదాకా నాకు తెలియని విషయం ఒకటుంది. గాలిలోని తేమ తీయడానికి ముందు బాగా చల్లబరుస్తారు. అప్పుడది కావలసిన దానికన్నా చల్లగా అయిపోతుంది. అందుకని వేడినీళ్ల కాయిల్ మీదుగా పంపి మళ్లీ కాస్త వేడి చేస్తారు. పైడిభీమవరం ఉన్న, మంచు ముఖం ఎరగని రణస్థలం మండలంలో కూడా గాలిని వేడి చేసే యంత్రాలు ఏడాదంతా నడుస్తున్నాయన్నమాట. మే నెలలో వాన పడినా అవి ఆగవు. వాటి ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఆగదు. అక్కడ 1,500 తేడాకి కంపెనీ మార్చరు, చిల్లరు ఆగితే పోయే బ్యాచ్ విలువ దానికి ఎన్నో రెట్లు.

ఇదే తేడా అమెరికా కంపెనీల్లో ఇంకా పెద్దగా కనిపిస్తుంది. మా వాడు క్యారియర్, లెనాక్స్ షేర్ల చార్టులు నాకు ఫోన్లో చూపించాడు. ఆ దేశంలో చలికాలానికి ఇంటిని వేడిచేసే ఫర్నేసు, వేసవికి ఏసీ, రెండూ చాలా ఇళ్లలో ఎప్పుడో బిగించి ఉన్నాయి. అవి పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో పాడవుతాయి, గడ్డకట్టే చలిలో ఫర్నేసు పాడైతే ఆ వారంలోనే మార్చాలి. ఆ కంపెనీలకు పాతవి మార్చే అమ్మకాలే ప్రధానం. మనవి కొత్తగా కొనే ఇళ్ల మీద బతుకుతున్నాయి, కొత్తగా కొనేవాడు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడని వాయిదా వేసుకోగలడు. ఆ చార్టు చూసి మన కంపెనీని కొనకూడదు.

బ్లూ స్టార్ లాంటి కంపెనీకి దాదాపు సగం ఆదాయం ప్రాజెక్టులు, పెద్ద యంత్రాల వైపు నుంచి వస్తుంది. విశాఖలో 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ లాంటివి వస్తే చల్లబరిచే యంత్రాలకు పెద్ద పనే ఉంటుంది. అయితే ప్రాజెక్టు పనుల్లో వేరే జబ్బు ఉంది. పని పూర్తి చేశాక డబ్బు రాకపోవడం, కంపెనీ ఇచ్చిన బ్యాంకు గ్యారంటీని పని ఇచ్చినవాళ్లు సొమ్ము చేసేసుకోవడం. 2022 చివరి త్రైమాసికంలో వోల్టాస్ నష్టం చూపించింది ఏసీలు అమ్ముడుపోక కాదు, విదేశీ ప్రాజెక్టు ఒకటి బెడిసికొట్టి. కాబట్టి నేను వెతికేది ప్రాజెక్టు పెద్దదా అని కాదు. సర్వీసు, మెయింటెనెన్స్ నుంచి ఎంత వస్తోంది, ఇచ్చిన బాకీ ఎన్ని రోజుల్లో వసూలవుతోంది అని.

ఇవన్నీ పక్కన పెట్టినా ధర ఒకటి ఉంది. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది అదే.

ఈ కంపెనీల షేర్లు చాలాకాలంగా ఏడాది లాభానికి 50, 60 రెట్లు పలుకుతున్నాయి. అక్కకు అర్థమయ్యేలా కాగితం మీద వేశాను. ఒక షేరుకి కంపెనీ ఏడాదికి 20 రూపాయలు సంపాదిస్తోంది, ధర 1,200 అనుకుందాం. అంటే 60 రెట్లు. మా వాడు కోరుకున్నట్టే లాభం ఏటా 20 శాతం చొప్పున ఐదేళ్లు పెరిగిందనుకుందాం, ఒక్క మే నెల కూడా చెడకుండా. ఐదో ఏటికి లాభం సుమారు 50 రూపాయలు. అప్పటికి మార్కెట్‌కి ఈ మోజు తగ్గి 30 రెట్లే ఇస్తే ధర 1,500. లక్ష పెడితే ఐదేళ్లకు లక్షా పాతిక వేలు. అదే లక్ష పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతానికి పెడితే మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తూ ఐదేళ్లలో 41 వేలు వస్తాయి, అసలు అలాగే ఉంటుంది. వాడనుకున్నట్టు అంతా సవ్యంగా జరిగితేనే ఈ లెక్క. జరగకపోతే ఎలా ఉంటుందో నాకు అనుభవం.

2024 మేలో నేను ఒక ఏసీ కంపెనీ షేర్లు 80 వేలకు కొన్నాను. మా షోరూమ్ ముందు జనం క్యూ కట్టారు, రోజుకి పాతిక ఏసీలు బిల్లు చేసి చేతులు నొప్పి పుట్టేవి. కళ్ల ముందు అమ్మకం చూసి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలనుకున్నాను. నేను చూస్తున్నది దేశమంతా చూస్తోందని, ఆ ధరలో అదంతా అప్పటికే కలిసిపోయి ఉందని తోచలేదు. 2025 ఆగస్టులో మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం అమ్మాల్సి వచ్చింది. 56 వేలు వచ్చాయి. ఆ తేడా ఒక సెమిస్టర్ హాస్టల్ ఖర్చు. ఇప్పటికీ గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. ఆ బరువు బావగారికి వద్దు.

అంటే అసలు కొనొద్దంటున్నానా? లేదు. ఈ దేశంలో రాబోయే ఇరవై ఏళ్లూ చల్లబరిచే యంత్రాలు అమ్ముడవుతూనే ఉంటాయి. 2028 నుంచి ఇప్పటి గ్యాసుల వాడకానికి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం కళ్లెం పడుతుంది, అప్పుడు మళ్లీ కొత్త గ్యాసు, కొత్త మెషీన్లు. ఆ మార్పుకి తట్టుకునే కంపెనీలు రెండు మూడే మిగులుతాయని నా అంచనా. అవి ఏవో తెలుసుకోవాలంటే మే నెల ఎండలో కాదు, వాన పడి అందరూ ఈసడించుకున్న ఆగస్టులో చూడాలి. కంపెనీలు సెప్టెంబర్, మార్చి నెలాఖరు ఆస్తి అప్పుల పట్టీ బయటపెడతాయి. అందులో సరుకు నిల్వ ఎంతో, డీలర్ల బాకీ ఎంతో ఉంటుంది. అమ్మకాలు పది శాతం పెరిగి నిల్వ నలభై శాతం పెరిగితే ఎక్కడో మాలాంటి గోడౌన్ నిండిపోయిందని అర్థం. ఫలితాల తర్వాత పెట్టుబడి సంస్థలతో కంపెనీ మాట్లాడిన మాటలు కూడా రాతపూర్వకంగా దొరుకుతాయి. వాటిలో డీలర్ల దగ్గర ఎన్ని వారాల స్టాకు ఉందని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మా మేనల్లుడికి ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చు. చార్టులు చూసే టైమ్‌లో సగం ఆ పేజీలకు పెట్టమని అడుగుతున్నాను.

చివరికి అక్కా, బావగారూ, నేనూ కూర్చుని తేల్చుకున్నది ఇది. నాలుగు లక్షలు పోస్టాఫీసులో వేశాం. మిగిలిన లక్ష వాడి మాట మీద గౌరవంతో ఉంచాం. అది కూడా ఒక్కసారి కాదు. జూన్ త్రైమాసిక ఫలితాలు వచ్చాక ముప్పై వేలు, సెప్టెంబర్ పట్టీ చూశాక మరో ముప్పై, మిగతాది వచ్చే ఏడు. ఏ కంపెనీ అన్నది వాడు రాసి తేవాలి, మెయింటెనెన్స్ ఆదాయం, బాకీల రోజులు, నిల్వ, ఈ మూడు లెక్కలతో.

పోయిన వారం వాడు మళ్లీ వచ్చినప్పుడు ఏడు రోడ్ల కూడలి నుంచి నేరుగా మా గోడౌన్‌కి తీసుకెళ్లాను. పైకప్పు దాకా పేర్చిన పెట్టెల మధ్య నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. వెనక వరుసలో కొన్నిటి మీద తయారీ నెల నిరుటి ఫిబ్రవరి అని ఉంది, స్టిక్కర్ మీద పాత ఐదు స్టార్లు. "మావయ్యా, ఇవి కంపెనీ వాళ్ల లెక్కలో ఎప్పుడో అమ్ముడైపోయాయి కదా?" అన్నాడు. అవునన్నాను. ఫోన్ తీసి ఆ స్టిక్కర్ ఫొటో తీసుకున్నాడు.